కాఫీ, చాక్లెట్ టేస్టింగ్ క్లాసు: పోయే ముందు, అక్కడ కూర్చున్నాక, ఇంటికొచ్చాక

మీ ప్రశ్న క్లుప్తంగా: హన్మకొండలో ఉంటారు. వచ్చే నెల చెల్లెలితో కలిసి హైదరాబాద్‌లో రెండున్నర గంటల కాఫీ, చాక్లెట్ టేస్టింగ్ క్లాసుకు పోదామనుకుంటున్నారు. ఇంట్లో మొదటి నుంచీ చాయే. కాఫీ అంటే ఇన్‌స్టంట్ పొడి, చాక్లెట్ అంటే కిరాణా కొట్టులో దొరికేది. "నా నాలుకకు ఆ తేడాలు తెలుస్తాయా, డబ్బులు దండగ అవుతాయా, ముందే ఏం చూసుకోవాలి, ఇంటికొచ్చాక మళ్ళీ చేసుకోవచ్చా" అని అడిగారు.

తెలుస్తాయి. రుచి పట్టడం పుట్టుకతో వచ్చే విద్య కాదు, పక్కపక్కన పెట్టి పోలిస్తే వచ్చే విద్య. ఒక్క కప్పు చేతికిచ్చి ఎట్లుందంటే ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా "బాగుంది, కొంచెం చేదు" దగ్గర ఆగిపోతారు. అదే నాలుగు కాఫీలు ఒకే తూకంతో, ఒకే నీళ్ళతో, ఒకే సమయంలో పోసి వరుసగా పెడితే మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా "ఇది పులుపు, ఇది పలుచన, దీంట్లో పొగ వాసన" అని విడదీసి చెప్పేస్తారు. కాబట్టి క్లాసు మంచిదా కాదా అని తేల్చడానికి కొలత ఒక్కటే: ఎన్ని రకాలు పక్కపక్కన పెడుతున్నారు, ఏ తేడా చూపించడానికి పెడుతున్నారు.

చాయ్ ఇంటి నుంచి వస్తున్నామని జంకవద్దు. ఈ విద్యలో అందరూ తడబడేది చేదు, వగరు, పులుపు దగ్గరే. ఏటా ఉగాది పచ్చడిలో ఆరు రుచులను విడదీసి చెప్పుకునే మనకు వగరు అనే మాట పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ క్లాసుల్లో ఆ మాట చాలా పని చేస్తుంది. నిజానికి వగరు రుచికన్నా స్పర్శ అనాలి. కాఫీ, కోకో, తేయాకుల్లో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. దాంతో నోట్లో జారుడు పోయి బుగ్గల లోపలి వైపు బిగుసుకుంటుంది. పచ్చి తునికికాయ కొరికితే అయ్యేది అదే. గుర్తుపట్టడం తేలిక: పులుపు నోట్లో నీళ్ళు ఊరిస్తుంది, వగరు ఆరబెడుతుంది, చేదు మింగిన తర్వాత మెల్లగా వచ్చి చాలాసేపు నిలుస్తుంది.

క్లాసుకు రెండు రోజుల ముందు ఇంట్లో ఈ చిన్న పని చేయండి. మూడు గిలాసల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో అర చెంచా నిమ్మరసం. రెండోదాంట్లో రాత్రంతా నానబెట్టిన చెంచాడు మెంతులు, పొద్దున వడకట్టండి. మూడోది వేడి నీళ్ళు, రెండు చెంచాల చాయ్‌పత్తి వేసి 10 నిమిషాలు వదిలి వడకట్టండి, పాలు, చక్కెర వద్దు. మూడూ చల్లారాక ఒక్కో గుక్క తాగి చూస్తే పులుపు, చేదు, వగరు ముఖాముఖి తెలుస్తాయి. తర్వాత ఆ చాయ్ నీళ్ళను రెండుగా పోసి, ఒకదాంట్లో రెండు చెంచాల పాలు కలపండి. వగరు సగానికి సగం పోతుంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ ఆ పాలీఫినాల్స్‌ను ముందే పట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. మిల్క్ చాక్లెట్‌లో వగరు తక్కువ అనిపించడానికీ ఇది ఒక కారణం.

ఇంకొకటి, ముక్కు సంగతి. ఇలాచీ పొడి అద్దిన బెల్లం ముక్క తీసుకుని, ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకోండి. తీపి తప్ప ఏమీ తెలియదు. పది సెకన్ల తర్వాత ముక్కు వదిలి గాలి బయటికి వదలండి, ఇలాచీ ఒక్కసారిగా వచ్చేస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనక నుంచి ముక్కుకు పోయే వాసనే. అందుకే జలుబు చేసి ఉంటే క్లాసు వాయిదా వేసుకోండి. ఆ రోజు కూర్చుంటే నిజంగానే డబ్బులు దండగ.

ఇక డబ్బు కట్టే ముందు నిర్వాహకులను అడగాల్సినవి. కాఫీలు ఎన్ని, చాక్లెట్లు ఎన్ని? నాలుగు నుంచి ఆరు కాఫీలు, ఐదారు చాక్లెట్లు అంటే సరిపోతుంది. పది దాటితే చివరివాటికి నోరు మొద్దుబారుతుంది. కాఫీ గింజలు వేయించిన తేదీ ఏది? వేయించి వారం నుంచి నెల లోపు ఉంటే మంచిది. తేదీ చెప్పలేకపోతే అక్కడ నేర్చుకునేది తక్కువే. చాక్లెట్ కోకో బటర్‌తో, అంటే కోకో గింజలోని కొవ్వుతో చేసిందా, కాంపౌండా? కాంపౌండ్‌లో కోకో బటర్‌కు బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. కేకుల మీద పోయడానికి అది పనికొస్తుంది కానీ టేస్టింగ్‌కు పనికిరాదు, నోట్లో మైనంలా అతుక్కుంటుంది. ఉమ్మేయడానికి కప్పులు ఇస్తారా? ఒక్కో బల్లకు ఎంతమంది? పది పన్నెండు మంది దాటితే కప్పు మీ దగ్గరికి వచ్చేసరికి వాసన పోయి ఉంటుంది. జీడిపప్పు, బాదం, సోయా, పాలు పడనివాళ్ళు ముందే చెప్పాలి. చాలా చాక్లెట్లలో సోయా లెసిథిన్ ఉంటుంది, గింజలు లేవనుకున్న బార్‌లో కూడా అదే యంత్రం మీద నడిచిన పప్పుల తునకలు ఉండవచ్చు.

కెఫీన్ లెక్క కూడా చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకు 200 వరకు పరవాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఆరు కాఫీలు మింగుతూ పోతే అలవాటు లేనివాళ్ళకు గుండె దడ, చేతులు వణకడం ఖాయం. ఉమ్మేయడం అనాగరికం కాదు, వృత్తిలో ఉన్నవాళ్ళంతా అదే చేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళు ఒక్కో చాక్లెట్ 4, 5 గ్రాములు చాలని ముందే చెప్పి, మిగతాది పొట్లం కట్టించుకోవచ్చు.

ఆ రోజు పొద్దున ఖాళీ కడుపుతో పోవద్దు. రెండు గంటల ముందు ఇడ్లీయో పెరుగన్నమో తినండి, కానీ తొక్కు, ఎల్లిపాయ కారం పక్కన పెట్టండి. కారం నాలుకను చాలాసేపు మండిస్తూ చిన్న తేడాలను కప్పేస్తుంది, ఎల్లిపాయ వాసన ఊపిరిలోనే ఉండిపోతుంది. పళ్ళు తోముకోవడం కనీసం గంట ముందే ముగించండి. టూత్‌పేస్టులోని నురుగు పదార్థం తీపిని అణిచి చేదును పైకి తెస్తుంది. పాన్, సోంపు, పుదీనా గోళీలు వద్దు. అత్తరు, సెంటు, నొప్పుల బామ్ వద్దు. ఇది చెప్పడానికి మనసొప్పదు కానీ, జడలో మల్లెపూలు కూడా ఆ ఒక్క పూటకు వద్దు. అవి మీ ఒక్కరికే కాదు, బల్ల చుట్టూ ఉన్న అందరి ముక్కులనూ ఆక్రమిస్తాయి.

క్లాసులో కాఫీని సాధారణంగా కప్పింగ్ పద్ధతిలో పెడతారు. ఫిల్టరూ, యంత్రమూ ఉండవు. పొడి మీద నేరుగా వేడి నీళ్ళు పోయడమే. ఇలా ఎందుకంటే, చేసే మనిషి నైపుణ్యం అడ్డు రాకుండా గింజ ఒక్కటే మాట్లాడాలి. స్పెషాలిటీ కాఫీ (మేలు రకం గింజల కాఫీ) వాళ్ళ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల నీళ్ళకు 8.25 గ్రాముల పొడి, అంటే 200 మిల్లీలీటర్ల కప్పుకు 11 గ్రాములు. పొడి బొంబాయి రవ్వ లెక్క ఉండాలి. నీళ్ళు 93 డిగ్రీలు, అంటే మరిగి దించాక ముప్పావు నిమిషం ఆగి పోసినవి.

ముందు పొడిని పొడిగానే వాసన చూడాలి. కప్పును తట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చిన్న చిన్న ఊపిరులు తీసుకోండి, ఒక్క పెద్ద ఊపిరి కాదు. తర్వాత నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తారు. పొడి పైకి తేలి గట్టి పొరలా కడుతుంది. నాలుగో నిమిషాన చెంచా వెనుక భాగంతో ఆ పొరను మూడుసార్లు వెనక్కి నెట్టాలి. ముక్కు అప్పుడు కప్పుకు రెండంగుళాల దూరంలో ఉండాలి, ఎందుకంటే పొర కింద బిగిసి ఉన్న ఆవిరంతా ఆ రెండు మూడు సెకన్లలోనే బయటికొస్తుంది. క్లాసు మొత్తంలో కాఫీ వాసన అంత చిక్కగా దొరికే క్షణం మరొకటి లేదు. ఫోన్‌తో వీడియో తీస్తూ చాలామంది దాన్నే పోగొట్టుకుంటారు. పొర విరిచాక రెండు చెంచాలతో నురుగు తీసేస్తారు. కప్పు మారిన ప్రతిసారీ చెంచా వేడి నీళ్ళలో ముంచి కడగాలి, లేకపోతే మూడో కప్పుకు అన్నీ ఒకే రుచిగా ఉంటాయి.

నీళ్ళు పోసిన 8, 10 నిమిషాలకు తాగడం మొదలవుతుంది. అప్పటికి కాఫీ 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెంచాలో తీసుకుని జుర్రుమని చప్పుడొచ్చేలా లాగాలి. మనకు చిన్నప్పుడు పెద్దలు వద్దన్న పని ఇక్కడ కావాలనే చేయాలి. గాలితో కలిసి కాఫీ తుంపరగా నోరంతా పరుచుకుంటేనే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. వేడిగా ఉన్నప్పుడు వాసన, మింగాక మిగిలే రుచి బాగా తెలుస్తాయి. గోరువెచ్చగా అయ్యేకొద్దీ పులుపు, చిక్కదనం తేలతాయి. దాదాపు ఒంటి వేడికి దిగాక తీపి, తప్పులు రెండూ బయటపడతాయి. కాబట్టి ఒక్కో కాఫీని కనీసం మూడుసార్లు, ఐదేసి నిమిషాల తేడాతో చూడండి. వేడిగా ఘుమఘుమలాడి చల్లారాక గోనెసంచి వాసనో, తడి అట్ట వాసనో వచ్చే కాఫీలు ఉంటాయి. మంచి కాఫీ చల్లారినా బాగుంటుంది. మన ఇళ్ళలో చల్లారిన కాఫీని పారబోస్తాం కాబట్టి ఈ సంగతి చాలామందికి తట్టదు.

వరుసలో ఏం ఉంటే మంచిదంటే: ఒక అరకు అరబికా, ఒక చిక్కమగళూరు అరబికా, ఒక రోబస్టా, ఒక చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి. అరబికా, రోబస్టా అనేవి కాఫీ మొక్కల్లో రెండు జాతులు. అరకు, చిక్కమగళూరు అరబికాలు రెండింటికీ 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) వచ్చింది. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 నుంచి 1.5 శాతం, రోబస్టాలో 2 శాతం పైనే. రోబస్టా చేదుకు అదొక కారణం, అయితే నోట్లో నిండుదనం దానిదే. చికోరీ కాఫీ కాదు, ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. అందులో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, మాడిన బెల్లంలాంటి చేదు ఇస్తుంది. మన దేశ నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్ తిప్పి చూడండి, 53:47 అని కూడా కనిపించవచ్చు. క్లాసులో ఈ నాలుగూ లేకుండా ఒకే రకం తేలిక వేయింపు కాఫీలు ఐదు పెడితే కొత్తవాళ్ళకు తేడా పట్టడం కష్టం. తప్పు మీ నాలుకది కాదు, వరుసది.

ప్యాకెట్ మీద నేరేడు, బత్తాయి, చాక్లెట్ అని రాసి ఉంటే అవి కలిపారని కాదు. గింజ పెరిగిన చోటు, పండు తీసిన పద్ధతి, వేయించిన తీరు వల్ల పుట్టే వాసనలకు పెట్టుకున్న పోలికలు అవి. పండు గుజ్జు కడిగేసి ఎండబెట్టిన కాఫీ శుభ్రంగా, నిమ్మ పులుపుతో ఉంటుంది. పండుతోనే ఎండబెట్టింది మగ్గిన పండులా, ఒక్కోసారి పులిసిన ద్రాక్షలా ఉంటుంది. నేర్పేవాళ్ళు పోలికలు ముందే చెప్పేస్తే గదిలో అందరికీ అవే వస్తాయి. మీరు ముందు కాగితం మీద రాసుకుని తర్వాత వినండి. బ్లూబెర్రీ, హేజల్‌నట్ అని రాయాల్సిన పని లేదు. మనం తినని పండు పేరు రాస్తే అది జ్ఞాపకం కాదు, అరువు మాట. వేయించిన పల్లీలు, సకినాల్లోని నువ్వులు, ఓమ, బెల్లం పాకం, ఎండిన ఇప్పపువ్వు, కొత్త కుండలో నీళ్ళు, చింతపండు, ఉసిరికాయ తిన్నాక నీళ్ళు తాగితే వచ్చే తీపి, ఇవన్నీ చక్కటి కొలతలు. నేర్పేవాళ్ళు తెలుగువాళ్ళైతే వెంటనే అర్థం చేసుకుంటారు, కాకపోతే అడిగి తెలుసుకుంటారు.

కాఫీలో పులుపు తగిలితే అది మంచి పులుపా, చేతకాని పులుపా అన్నది తరచూ వచ్చే సందేహం. తీపితో కలిసి వచ్చి వెంటనే తేలిపోయేది గింజలోని పులుపు. నీళ్ళగా, ఉప్పగా ఒంటరిగా నిలిచేది సరిగ్గా దిగని కాఫీ: పొడి మరీ మొరుం అయినా, నీళ్ళు చల్లగా ఉన్నా, సమయం చాలకపోయినా ఇట్లా అవుతుంది. పొడి మరీ మెత్తగా ఉన్నా, ఎక్కువసేపు నానినా గరుకు చేదు, వగరు దిగుతాయి.

చాక్లెట్ దగ్గరికి వద్దాం. మన పక్కనే పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకో పండుతుంది. అక్కడి గింజలతో చేసిన బార్‌లు ఇప్పుడు హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. క్లాసులో అవి ఒకటి రెండు ఉండేలా అడగండి. రుచి సగం తోట దగ్గరే తయారవుతుంది. కాయ పగలగొట్టాక తెల్ల గుజ్జుతో ఉన్న గింజలను చెక్క పెట్టెల్లో పోసి 5 నుంచి 7 రోజులు పులియబెడతారు. మధ్యలో తిరగేస్తారు. లోపలి వేడి 45, 50 డిగ్రీలకు పోతుంది, గింజ మొలకెత్తే శక్తి చచ్చిపోతుంది, చాక్లెట్ వాసనకు కావాల్సిన ముడిసరుకు అప్పుడే పుడుతుంది. తర్వాత తేమ 7 శాతానికి వచ్చేదాకా ఎండబెడతారు. పులియడం చాలకపోతే వగరు, గరుకు చేదు. పులిసిన పులుపు పూర్తిగా ఎగిరిపోకపోతే సిర్కా వాసన. కట్టెల పొగలో ఎండితే ఆ పొగ బార్‌లో కూడా వదలదు. ఈ మూడు తప్పులనూ గుర్తుపట్టగలిగితే సగం క్లాసు వచ్చినట్టే.

రేపర్ మీది 70 శాతం అంటే కోకో నుంచి వచ్చిన భాగమంతా, కోకో బటర్‌తో కలిపి. మిగిలిన 30లో ఎక్కువగా చక్కెరే. రెండు 70 శాతం బార్‌లు వేరుగా ఉంటే ఆశ్చర్యపడవద్దు. ఒకదాంట్లో బటర్ ఎక్కువ ఉంటే మెత్తగా కరుగుతుంది, చేదు తగ్గుతుంది. శాతం పెరిగితే నాణ్యత పెరిగిందని కాదు. ఇంకో ముచ్చట: మన వెట్ గ్రైండర్ రాళ్ళే కొద్ది మార్పులతో చిన్న చాక్లెట్ తయారీదారుల దగ్గర కోకో రుబ్బుతున్నాయి, విదేశాల్లో కూడా. వేయించిన కోకో పలుకులు, చక్కెర వాటిలో ఒకటి రెండు రోజులు తిరిగితేనే నాలుకకు రవ్వ తగలని నునుపు వస్తుంది.

ముక్కను ముందు చూడండి. మెరుపు ఉండాలి, తెల్ల మచ్చలు ఉండొద్దు. చెవి దగ్గర పెట్టి విరిస్తే టక్కున చప్పుడు రావాలి, విరిగిన అంచు శుభ్రంగా ఉండాలి, వంగి తెగితే టెంపరింగ్ (కరిగించిన చాక్లెట్‌ను లెక్క ప్రకారం చల్లార్చి గట్టిపరచడం) సరిగా లేదనో, వేడి తగిలిందనో అర్థం. రెండు వేళ్ళ మధ్య పది సెకన్లు పట్టుకుని వాసన చూడండి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే ఒంటి వేడికి కాస్త తక్కువ. ఆ సంగతి మీదే చాక్లెట్ అంతా నిలిచి ఉంది. నోట్లో వేసుకుని రెండే రెండుసార్లు కొరికి, నమలడం ఆపేసి, నాలుకతో అంగిలికి ఒత్తి పెట్టండి. మొదటి పది సెకన్లు దాదాపు ఏమీ రాదు. తర్వాత తీపి, ఆ వెనక పులుపు, అర నిమిషానికి పండు వాసనలు, చివర్లో చేదు, వగరు. నమిలి మింగేవాళ్ళకు మొదటిదీ చివరిదీ మాత్రమే దొరుకుతాయి. మధ్యలో ఉన్నదంతా గొంతులోకి పోతుంది. కరిగేటప్పుడు ముక్కుతో మెల్లగా గాలి వదలడం మరవకండి.

చాక్లెట్ల మధ్య చల్లటి నీళ్ళు తాగితే నాలుక మీది కొవ్వు గడ్డకట్టి పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు, నాలుగు ఉప్పు లేని మరమరాలు చాలు. వరుస గురించి పంతాలు ఉన్నాయి. తక్కువ శాతం నుంచి ఎక్కువకు పోవాలనేవాళ్ళు చాలామంది. మిల్క్ చాక్లెట్ తీపి తర్వాత 70 శాతం తింటే అది ఉన్నదానికన్నా చేదుగా తోస్తుంది కాబట్టి, 65, 70 శాతం డార్క్‌లు ముందు, తర్వాత 80 పైవి, ఆ తర్వాత మిల్క్, ఉప్పు, మిరప, నారింజ కలిపినవి ఆఖరున, ఈ వరుసే మేలు. కొంచెం ఆగి నోరు కడిగితే మధ్యలో అడ్డేమీ ఉండదు.

రెండింటినీ కలిపి రుచి చూసే భాగంలో కాఫీ పొగలు కక్కుతూ ఉండొద్దు, 50, 60 డిగ్రీలు చాలు. ముందు ఒక గుక్క కాఫీతో నోరు వెచ్చబరచి, చాక్లెట్ పెట్టుకుని, సగం కరిగాక మళ్ళీ గుక్క. కాఫీలో చక్కెర వద్దు. చేదు చేదుతో కలిస్తే రెట్టింపు అవుతుంది: ముదురు వేయింపు కాఫీ పక్కన 85 శాతం బార్ పెడితే నోరు ఎండిపోవడమే మిగులుతుంది. నిమ్మ పులుపున్న తేలిక వేయింపు కాఫీకి పులుపున్న బార్ జోడిస్తే రెండూ పుల్లగా తేలతాయి. పల్లీల వాసన ఉన్న మధ్యస్థ వేయింపుకు మిల్క్ చాక్లెట్, పండుతో ఎండిన కాఫీకి పండ్ల వాసన ఉన్న 70 శాతం, పాలు లేని చిక్కటి చికోరీ డికాషన్‌కు వైట్ చాక్లెట్. చివరిది విని మొహం చిట్లించేవాళ్ళున్నారు, కానీ కోవా పక్కన స్ట్రాంగ్ చాయ్ కుదిరినట్టే అదీ కుదురుతుంది.

కొన్ని క్లాసుల్లో టెంపరింగ్ చూపిస్తారు. డార్క్ చాక్లెట్‌ను 45, 50 డిగ్రీలకు కరిగించి, కలుపుతూ 27, 28కి దించి, మళ్ళీ 31, 32కి తేవాలి. కోకో బటర్ చాలా రకాలుగా గడ్డకట్టగలదు, మెరుపూ టక్కుమనే విరుపూ ఇచ్చే రకం ఒక్కటే నిలవాలని ఈ తిప్పలు. ఒక్క నీటి బొట్టు పడినా చక్కెర దాన్ని పీల్చుకుని చాక్లెట్ అంతా ముద్ద కడుతుంది. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో ఇది సాగదు, 20, 22 డిగ్రీల గది కావాలి.

ఇంటికొచ్చాక చేసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. 0.1 గ్రాము చూపే చిన్న తూకం, ఒకేలాంటి పింగాణీ కప్పులు నాలుగు, వంటింటి థర్మామీటర్. స్టీలు గిలాసలు వద్దు, పెదవులు కాలతాయి, కాఫీ త్వరగా చల్లారుతుంది. మిక్సీలో గింజలు పట్టాలంటే మూడేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పి, మధ్యలో జార్ ఊపండి, చివర సన్న జల్లెడతో మెత్తటి పొడి తీసేయండి. ఏకధాటిగా తిప్పితే వేడెక్కి వాసన పోతుంది, సగం పిండి సగం పలుకు అవుతుంది. నీళ్ళ మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. బోరు నీళ్ళలోని బైకార్బొనేట్ కాఫీ పులుపును చంపేసి సుద్ద రుచి తెస్తుంది, ఆర్‌ఓ నీళ్ళు మరీ వట్టివైతే కాఫీ బోసిగా ఉంటుంది. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) 75 నుంచి 150 మధ్య ఉన్న తాగునీళ్ళు బాగా పనిచేస్తాయి.

నాలుక కుదిరిందా లేదా తేల్చేది మూడు కప్పుల పరీక్ష. రెండు కప్పుల్లో ఒక కాఫీ, మూడోదాంట్లో వేరే కాఫీ. చెల్లెలు కప్పుల అడుగున గుర్తు పెట్టి కలిపేస్తే మీరు వేరుగా ఉన్నదాన్ని పట్టాలి. తర్వాత మీరు పెట్టి ఆమెతో పట్టించండి. రంగు చూసి పోల్చకుండా దీపం తగ్గించండి. ఆరుసార్లు చేయండి. గుడ్డిగా చెప్పినా ఆరింట్లో సగటున రెండుసార్లు జవాబు సరైనదే పడుతుంది, కానీ ఐదు లేదా ఆరు అదృష్టంతో రావడం 2 శాతం కన్నా తక్కువ. మొదట అరబికా, చికోరీ పొడితో మొదలుపెట్టి, అది పట్టుబడ్డాక రెండు అరబికాలకు రండి. చాక్లెట్‌తో కూడా ఇదే, కాకపోతే కళ్ళు మూసుకుని.

ఇక చాక్లెట్లు కొని తెచ్చుకోవడం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే బ్యాగులో వేసుకుని రావచ్చు. ఎండలు ముదిరితే బార్ దారిలోనే కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి, తెల్లారి బూజు పట్టినట్టు కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కోకో బటర్. తిన్నా ఏమీ కాదు, విరుపూ కరగడమూ మాత్రం పోతాయి. జిప్ కవర్‌లో గాలి లేకుండా మూసి, థర్మకోల్ పెట్టెలో జెల్ ప్యాక్ పెట్టి, మధ్యలో తువ్వాలు అడ్డం వేసి, కాజీపేట దాకా ఏసీ బోగీలో తెచ్చుకోండి. బస్సు డిక్కీలో పెట్టొద్దు. స్టేషన్ నుంచి ఇంటికి బండి డిక్కీలో అసలే వద్దు. దాచడానికి 16 నుంచి 18 డిగ్రీలు సరైనవి. వేసవిలో మనకు ఫ్రిజ్ తప్పదు కాబట్టి జిప్ కవర్, దాని మీద గాలి చొరబడని స్టీలు డబ్బా, కూరగాయల అరలో. తినే రోజున డబ్బా బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లగా ఉన్నప్పుడే తెరిస్తే గాలిలోని తేమ బార్ మీద చెమటలా పట్టి చక్కెరను కరిగిస్తుంది, ఆరాక గరుకైన తెల్ల పొర మిగులుతుంది. గది మరీ కాగిపోతుంటే పొద్దున ఆరింటికి తీసి తినండి, అప్పటికి నోరు కూడా తేటగా ఉంటుంది.